ఆయన నడవని నాలుగు మీటర్లు

రోడ్డు ప్రమాదాల విచారణాధికారి గారి సముఖమునకు,
సరుకు లారీ డ్రైవరు వ్రాసుకొను మూడవ అర్జీ.

అయ్యా,

విషయం: గత సంవత్సరం రోడ్డు మరమ్మతు జరుగుచోట మరణించిన జెండా మనిషిది తప్పు కాదనియు, తప్పు నా లారీ టైర్లదీ నాదీ అనియు, మూసివేసిన ఫైలును తెరిచి ఆ మేరకు దిద్దవలసినదిగా కోరుట గురించి.

పై విషయమై నేను మనవి చేసుకొనునది ఏమనగా, ఇదివరకే రెండు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోది అందాక మీ కార్యాలయపు గుమాస్తా గారు నన్ను పిలిపించి, కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగారు. తన మీద తనే అర్జీ పెట్టుకున్న మనిషిని సర్వీసులో ఇంతవరకు చూడలేదన్నారు. నమూనా కాగితంలో ‘అర్జీదారుకు కలిగిన నష్టం’ అని ఒక గడి ఉంది. అందులో ‘ఏమీ లేదు’ అని రాశాను. నష్టం లేని అర్జీని కంప్యూటరు తీసుకోదట. అందుచేత ఈసారి నమూనా వదిలేసి తెల్ల కాగితం మీద రాస్తున్నాను. వరుస తప్పితే మన్నించవలెను.

1. ప్రమాదం జరిగిన తీరు ఫైలులో ఉన్నదే అయినా, పాతబడినందున మళ్లీ రాస్తున్నాను. పగలు పదకొండు గంటలు. ఎండగా ఉంది, రోడ్డు పొడిగా ఉంది. ఒక పక్క తవ్వి ఉంది, గోతిలో ముగ్గురు పని చేస్తున్నారు. గోతికి ముందు ఒకాయన ఎర్ర జెండా పట్టుకుని నిలబడ్డారు. అక్కడ అరవై దాటకూడదు. నా వేగం మీటరు ముల్లు యాభై ఎనిమిది మీద ఉంది. ‘పని జరుగుచున్నది’ అనే బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆయన జెండా ఎత్తారు, నేను బ్రేకు తొక్కాను. బండి ఆగుతూ ఆగుతూ, సైకిలంత మెల్లగా అయ్యాక, ఆయనకు తగిలింది. ఇంకో రెండు మీటర్లు పోయి ఆగింది. ఆయన్ని బయటికి తీయడానికి బండిని వెనక్కి తీయవలసి వచ్చింది. సాయంత్రం వాన పడి గుర్తులన్నీ కొట్టుకుపోయాయి. మర్నాడు మీ సిబ్బంది వచ్చేసరికి మిగిలినవి ఆ బోర్డు, ఆ గొయ్యి, నా బండిలో వేగం రాసుకునే పెట్టె. ఆ పెట్టె కూడా మీటరు చెప్పిందే రాసుకుంటుంది, సొంతంగా దానికేమీ తెలియదు.

2. తమ నివేదికలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. “సదరు వేగమున పోవు లారీ నలుబది రెండు మీటర్లలో ఆగును. బోర్డు నుండి మృతుడు నిలువవలసిన స్థానము నలుబది ఆరు మీటర్లు. కావున మృతుడు తన స్థానము విడిచి కనీసము నాలుగు మీటర్లు లారీకి ఎదురుగా నడిచి వచ్చి ఉండవలెను. మరణమునకు మృతుని అజాగ్రత్తయే కారణము.” అనగా, లెక్క ప్రకారం బండి ఆయన దాకా రాకూడదు. కానీ తగిలింది. కాబట్టి ఆయనే బండి దగ్గరికి వచ్చారు. ఈ వాక్యాలను నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అందులో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

3. విచారణలో మీ అధికారి నన్ను, “అతను ముందుకొచ్చాడా?” అని అడిగారు.

నా కళ్లకు ఆయన నిలబడే కనిపించారు. జెండా ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మొహంలో కంగారు లేదు. రోజూ వందల బండ్లు ఆయన ముందుకొచ్చి ఆగేవి, ఇదీ ఆగుతుందనే చూస్తున్నారు. అయినా నేను, “వచ్చే ఉంటాడండి,” అన్నాను. సంతకం పెట్టాను. ఎవరికో భయపడి అనలేదు, ఎవరో నేర్పితే అనలేదు. ముల్లు యాభై ఎనిమిది అంది, లెక్క నలభై రెండు అంది. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టినవాణ్ణి, నా కళ్ల కన్నా ముల్లునే నమ్మాను.

4. ప్రమాదానికి నాలుగు నెలల ముందు బండికి టైర్లు మార్చాము. గుంతల రోడ్లకు బాగుంటాయని, కంపెనీ ఇచ్చిన సైజు కన్నా పెద్దవి యజమాని ఎక్కడో చూసి తెచ్చారు. బండి ఎత్తయింది, చూడ్డానికి దర్జాగా ఉంది. టైర్ల షాపతను నట్లు బిగిస్తూనే, మీటరు కూడా సరిచేయించుకోమని చెప్పాడు. నేను లోడు ఆలస్యమవుతుందన్న తొందరలో ఉన్నాను. “ముల్లు ఎంత చూపిస్తే ఏంటయ్యా, నా బండి నాకు తెలీదా,” అన్నాను. ఆ మాట అన్నది యజమాని కాదు, నేను.

అయ్యా, మీటరు నేలను చూడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, చుట్టుకు ఇంత దూరమని తనకు మొదట నేర్పిందాన్ని కలుపుకుంటూ పోతుంది, అంతే. చక్రం పెద్దదైతే ప్రతి చుట్టుకూ జానెడు నేల ఎక్కువ పోతుంది. ఆ జానెడు సంగతి మీటరుకు తెలియదు.

5. ఇది నాకు ఎలా తెలిసిందనగా, దొంగతనం నింద వల్ల తెలిసింది. టైర్లు మార్చినప్పటి నుంచీ మైలేజీ పడిపోయింది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి మూడున్నర చూపిస్తోంది. నేను డీజిలు తీసి అమ్ముకుంటున్నానని యజమానికి అనుమానం వచ్చింది. మాట పడలేక, ట్యాంకు నిండా కొట్టించి మీరే పక్కన కూర్చోండి అన్నాను. ఇద్దరం రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ నూరు కిలోమీటర్లు పోయాం. నూరో రాయి దగ్గర మీటరు చూస్తే తొంభై మూడే తిరిగింది. మళ్లీ ట్యాంకు నింపితే ఇరవై ఆరు లీటర్లు పట్టింది. మీటరు లెక్కన మూడున్నర, రాళ్ల లెక్కన నాలుగుకు కాస్త తక్కువ. ఆ కాస్తా టైర్ల బరువు తాగిందే. యజమాని నా భుజం తట్టి, “నిన్ను అనవసరంగా అనుకున్నానయ్యా,” అన్నారు. నేను చాలా సంతోషించాను. తిరుగు దారిలో పాట కూడా పాడుకున్నాను.

పది కిలోమీటర్లు వచ్చాక ముల్లు వైపు చూశాను. యాభై ఎనిమిది మీద ఉంది.

బండి పక్కకు తీసి ఆపాను. యజమాని ఏమైందని అడిగారు. ఫోనులో లెక్క వేసి చూపించాను. ముల్లు యాభై ఎనిమిది అంటే బండి పోయేది అరవై రెండు పైన. ఆయన ఫోను నా చేతికి తిరిగి ఇచ్చేసి, అయిపోయినదాన్ని తవ్వకు, నీకూ పిల్లలున్నారు అన్నారు. నన్ను డీజిలు దొంగ కాదని తేల్చిన రాళ్లే ఈ సంగతీ తేల్చాయి.

6. అరవై రెండు పైన పోయే బండి, ఆ బరువైన టైర్లతో, నలభై ఎనిమిది మీటర్లకు గాని ఆగదు. డ్రైవింగు స్కూలు మాస్టారి చేత రెండు సార్లు లెక్క వేయించాను, కాగితం జతపరిచాను. నలభై ఆరు దగ్గర నిలబడ్డ మనిషికి బండి తగిలి, మరి రెండు మీటర్లు పోయి ఆగింది. అచ్చం అలాగే జరిగింది. ఆయన నాలుగు మీటర్లు నడవలేదు. నా టైర్లు నడిచాయి. మీటరు నిజం చెప్పి ఉంటే ఆయనకు ఇవతలే బండి ఆగేది, ఆయన నన్ను నాలుగు తిట్లు తిట్టి జెండా దించేవారు.

ఆ టైర్లు వేసినప్పటి నుంచి మీటరు చూపించని దూరం మొత్తం నాలుగు వేల రెండు వందల కిలోమీటర్లు. అదంతా ఎవరి ఖాతాలోనూ లేదు. అందులో నాలుగు మీటర్లు మాత్రం ఆయన పేరున రాశారు.

7. నివేదిక నాలుగో పేజీలో “టైర్లు మంచి స్థితిలో ఉన్నవి” అని ఉంది. మీ సిబ్బంది కాలితో తన్ని చూశారు, గట్టిగానే ఉన్నాయి. కొలత మాత్రం రాయలేదు. వారిని తప్పుపట్టడం లేదు. నేనూ రోజూ అలాగే తన్ని చూసేవాణ్ణి.

8. ఇక అసలు సంగతి. జెండా మనిషి భార్య ఇంటి ముందు గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తారు. ప్రమాదమైన నెలకు, తిడితే తిట్లు తిందామని, కొడితే దెబ్బలు తిందామని వెళ్లాను. ఆమె నాకు స్టూలు వేశారు. “మా ఆయన వల్ల మీకెంత కష్టమొచ్చిందో అన్నా,” అన్నారు. ఆయన చూసుకోకుండా వచ్చాడా అని అడిగారు. అవునమ్మా అన్నాను. అప్పటికి నేను నమ్మిందీ అదే.

తర్వాత ఆ దారిన పోయినప్పుడల్లా వెళ్తూ వచ్చాను. ఆమె పని చేస్తూ చేస్తూ, తల ఎత్తకుండానే, గోడ మీది ఫొటోను తిడుతుంటారు. గట్టిగా కాదు, పక్కనున్న మనిషితో అన్నట్టు. నిలబడమన్న చోట నిలబడడానికేం రోగం, నిలబడ్డానికే కదా నీకు జీతం ఇచ్చింది, అని. చొక్కా తిప్పి మళ్లీ మొదలుపెడతారు. పదేళ్ల కూతురు రోడ్డు దాటేటప్పుడు చెయ్యి గట్టిగా పట్టుకుని, మీ నాన్నలా ఊరికే ముందుకు పోకు అంటారు. ఆయన పోయాక ఆ పిల్ల నాన్న గురించి నేర్చుకున్నది అదొక్కటే. తమ నివేదిక నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫొటో వెనక దాచుకున్నారు.

రాళ్ల సంగతి తెలిసిన మర్నాడే వెళ్లి, ఆయన తప్పు లేదమ్మా అని చెప్పాను. ఆమె నవ్వారు.

“నా బాధ చూడలేక అంటున్నారు. సంతకాలు, ముద్రలు ఉన్న కాగితం అబద్ధం చెబుతుందా అన్నా?”

ఆ తర్వాత కూడా తిడుతూనే ఉన్నారు. తాను నిలబడ్డ చోటే చనిపోయిన మనిషిని రోజూ ఆ ఇంట్లో నాలుగు మీటర్లు నడిపిస్తున్నారు. నేను స్టూలు మీద కూర్చుని వింటున్నాను. అయ్యా, అది నేను వినలేకపోతున్నాను.

9. నా గురించి రాయడం అర్జీ పద్ధతి కాదు. క్లుప్తంగా మనవి. ఎర్రగా ఏ గుడ్డ కనిపించినా కాలు బ్రేకు మీదికి పోతోంది. రాళ్లు లెక్కపెట్టిన రోజు నుంచి ముప్పై దాటి నడపలేకపోతున్నాను, వెనక బండ్లవాళ్లు మా అమ్మను కూడా వదలకుండా తిడుతున్నారు. ఎక్కడ ఆపినా దిగి, ముందు బంపరు నుంచి ఎదుట ఉన్నదాని దాకా అడుగులు వేసి చూసుకుంటున్నాను. ఆగి ఉన్న బండిలో సున్నా మీద ఉన్న ముల్లును కూడా నమ్మలేక, తలుపు తీసి నేల కదలడం లేదు కదా అని చూస్తున్నాను. సున్నా దగ్గర ఏ మీటరూ తప్పు చూపించదని మెకానిక్కు చెప్పాడు. అది నాకు తెలుసు. అయినా చూస్తున్నాను.

10. మైలేజీ కలిసి రావడం లేదని యజమాని ఈ శనివారం పెద్ద టైర్లు తీసేసి పాత సైజువి వేయిస్తున్నారు. కొత్త టైర్లు వచ్చి షెడ్డులో ఉన్నాయి. వాటిని వేశాక మీటరు మళ్లీ నిజం చెబుతుంది. అప్పుడు తమరు వచ్చి కొలిచినా యాభై ఎనిమిదికి యాభై ఎనిమిదే వస్తుంది, ఆయన నాలుగు మీటర్లు నడిచినవారుగానే ఉండిపోతారు.

కావున, శనివారం లోపల ఒక కొలత టేపుతో ఒక మనిషిని పంపి సదరు టైర్లను కొలిపించవలెననియు, నివేదికలో “నడిచి వచ్చి ఉండవలెను” అన్న వాక్యమును, “మృతుని అజాగ్రత్త” అన్న మాటను కొట్టివేయించవలెననియు, దిద్దిన ప్రతిని ముద్ర స్పష్టముగా పడునట్లు వేయించి మృతుని భార్యకు పంపవలెననియు ప్రార్థన. నా లైసెన్సు గురించి, నా మీద పెట్టవలసిన కేసు గురించి చట్ట ప్రకారం ఏది తోస్తే అది చేయవలెను. దానికి నేను ఎదురు చెప్పను. గడి నింపక తప్పదంటే ‘నష్టం’ దగ్గర ఒక మనిషి అని రాసుకోవలెను.

ఈ నా మనవిని దయతో కాకపోయినా కొలతతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆ రోజు ఆ లారీ నడిపినవాడు

జతపరిచినవి: మాస్టారు వేసిన లెక్క, నూరో రాయి పక్కన మీటరు ఫొటో, మృతుని భార్య సంతకం.

తాజా కలం: అయ్యా, మృతుని కుటుంబ సభ్యుల సంతకం లేకుండా ఫైలు కదలదని గుమాస్తా గారు చెప్పినందున, ఇవాళ మధ్యాహ్నం ఈ కాగితం ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నారు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కాగితం తీసుకుని, ఆరో అంశం తనే మళ్లీ చదువుకున్నారు.

“అయితే ఆయన కదల్లేదా?” అన్నారు.

“కదల్లేదమ్మా,” అన్నాను.

ఫొటో వైపు ఒకసారి చూశారు. తర్వాత కలం అడిగి సంతకం పెట్టారు. కాగితం నా చేతికిచ్చి, “ఇంక మీరు మా ఇంటికి రాకండి,” అన్నారు.

ఇవాళ ఆమె నమ్మారు. రేపో ఎల్లుండో ఆ కవరులోని పాత కాగితం తీసి చదువుకుంటే మళ్లీ అనుమానం రావచ్చు. కాదమ్మా, ఆయన కదల్లేదు అని చెప్పడానికి నేను ఇక ఆ ఇంటికి వెళ్లకూడదు. కొత్త కాగితం త్వరగా పంపండి.