నిన్నటి జాడలు

తమ్ముడూ ఫ్లూరిన్,

లేవగానే నీ స్కీల కింద అంటించే పట్టీల కోసం వెతక్కు. అవి నా దగ్గరున్నాయి. అవి లేకుండా కనుమ ఎక్కలేవనే తీశాను.

రాత్రంతా మబ్బు పట్టి మంచు గడ్డకట్టలేదు. చూరు కారుతూనే ఉంది. ఇందాక బయట కర్ర గుచ్చితే పిడిదాకా దిగిపోయింది. ఎండ తగిలితే కనుమ కింది వాలు మీది మంచు మొత్తం ఊడి వస్తుంది.

కనుమ అవతల ఈరోజు జరగాల్సిన నీ కూతురి బాప్తిస్మం సంగతి పాస్టరుగారికి ఫోన్ చేశాను. "వచ్చే ఆదివారమైనా నీళ్లు చల్లచ్చు, వాణ్ణి కట్టేసైనా ఆపమ్మా" అన్నారు.

"నిన్న ఎవరో కనుమ దాటారుగా అక్కా, వాళ్ల జాడల్లోనే పోతా. నీదంతా చాదస్తం" అన్నావు రాత్రి. నిజం చెబితే "నువ్వు వెళ్తే నేను వెళ్లకూడదా" అని ఎగురుతావని ఊరుకున్నాను. ఆ జాడలు నావే. నువ్వు ఇక్కడికి రాకముందే, పాప బాప్తిస్మం గౌను ఇచ్చి రావడానికి, మంచు రాయిలా ఉన్న వేకువలో వెళ్లి, ఎండెక్కకముందే తిరిగొచ్చాను. ఈరోజు నేనే అక్కడ కాలు పెట్టను.

పొయ్యి మీద బార్లీ సూపుంది. తాగి, కట్టెల కొట్టు దగ్గరికొచ్చి ఎంతైనా తిట్టు. నీ పట్టీలతో సహా లోపల గడియ వేసుకుని కూర్చున్నాను. ఆ వాలు కూలిన చప్పుడు విన్నాకే తీస్తాను.

అక్క