నాయన చేతిలో వెనిగర్ గ్లాసు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నాయనకు ఛాతీలో మంట తగ్గడం లేదు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. పక్క దుకాణం ఆయన చెప్పాడని యాపిల్ సైడర్ వెనిగర్ తెచ్చుకుని, చుక్క నీళ్లు కలపకుండా తాగుతున్నాడు. సాయంత్రం మరమరాల మండక్కి, మిర్చీ బజ్జీ మాత్రం మానడు.

"గొంతు కాల్తది నాయనా, నీళ్లన్న కలుపుకో" అన్నాను.

"మండితెనే పన్జేస్తున్నట్టు. సదువుకున్నవు గని, గిది నీకేం తెలుస్తది?" అని నవ్వాడు.

నిజమే, అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో నాకూ సరిగా తెలియదు. కోప్పడదామంటే నీలా నోరు లేవదు.

ఇవాళ గ్లాసు ఎత్తి, తాగకుండా వంటింటి వైపు చూస్తూ ఆగాడు. "ఏందయ్యా, గది కడుపా, పొయ్యా?" అని నువ్వు అరుస్తావని కాబోలు.

వంటింట్లో నేనున్నాను. కాసేపు చూసి, తాగేశాడు.