కిటికీ నిండా మీ గోడే

ఎదురింటి బేకరీ ఆయనకి,

నమస్కారం. కొత్తిల్లు కట్టుకున్నారు, సంతోషం. వీధి దాటి వచ్చి చెప్పొచ్చు గానీ నాది పెద్ద గొంతు. మా ఆవిడకి వినబడేలా కేకలు పెట్టొద్దని డాక్టరు చెప్పారు. అందుకే ఈ కాగితం.

నడుం ఆపరేషనయ్యాక ఆవిడ మంచం దిగడం లేదు. ఆ గదికి ఒకటే కిటికీ, కిటికీ నిండా మీ గోడే. మీరు అంటించిన తెల్ల టైల్స్ మీద ఎండ పడి సూటిగా ఆవిడ కళ్లలో కొడుతోంది. కర్టెన్ వేస్తే గది చీకటైపోతోందని ఆవిడ ఒప్పుకోదు. దయచేసి పీకించండి.

ఇట్లు,
రిటైరైన ట్రాఫిక్ ఎస్సై

తా.క. కేకులకి తెల్ల క్రీము పూసినట్టు గోడలకి పూయాలని ఎక్కడా లేదు.

*

ఎస్సై గారికి నమస్కారాలు.

పిన్నిగారి సంగతి తెలియదు, మన్నించాలి. టైల్స్ పీకించాను. అవి మా ఆవిడ ఊరంతా తిరిగి ఏరుకున్నవి, మూతి ముడుచుకుని కూర్చుంది. మెరవని రంగులు గోడ మీద పట్టీలు పట్టీలుగా వేయించాను. ఏది హాయిగా ఉందో పిన్నిగారిని అడిగి చెప్పండి.

ఇట్లు,
బేకరీ

తా.క. సిగ్నల్ దగ్గర ఆపినట్టు ఆపకండి. పెయింటరు నిచ్చెన మీదే ఉన్నాడు.

*

బేకరీ ఆయనకి,

చూశాం. బూడిదరంగు చూస్తే మళ్లీ ఆస్పత్రిలో ఉన్నట్టుందట. పసుపు చూస్తే కామెర్లు గుర్తొస్తున్నాయట. లేతాకుపచ్చ పొద్దున బావుందంది, సాయంత్రానికి పాచి అంది. ఇటుకరంగు నాకు నచ్చింది కాబట్టి ఆవిడకి నచ్చలేదు. నీలం గురించి ఆలోచించుకోవాలట. ఇంకొన్ని వేయించండి.

ఇట్లు,
ఎస్సై

తా.క. మీ పెయింటరు ఎండలో మాడిపోతున్నాడు. నా పాత హెల్మెట్ పంపుతున్నాను.

*

ఎస్సై గారికి,

ఇది ఇల్లా, పెయింట్ల కొట్టా అని వీధిలో అడుగుతున్నారు. పై వరస అయిపోయి కింది వరస కూడా నింపాను. ఇంత చేస్తే నిన్న మీ కిటికీకి దుప్పటి కట్టారు. మొహం మీద తలుపేసినట్టే కదా అది? మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఇల్లు నాది, గోడ నాది. ఎల్లుండి ఆ తెల్ల టైల్సే వేయిస్తున్నాను. ఇక ఉత్తరాలు వద్దు.

బేకరీ

తా.క. హెల్మెట్ తిప్పి పంపుతున్నాను. పెయింటరు పని మానేశాడు.

*

నాయనా,

ఆశీస్సులు. వద్దన్నా రాస్తున్నాను. ఇది ఆయనకి తెలియదు.

నీ పట్టీలు వచ్చేదాకా మా ఇద్దరి మధ్య మందుల వేళలు తప్ప మాటల్లేవు. ఇప్పుడు రంగుకో పోట్లాట. నిన్న కింది వరస కనబడటం లేదని నేను గొడవ చేస్తే, పట్టుకుని లేవమని ఆయన కిటికీ ఊచలకి దుప్పటి కట్టారు. లేచాను. నిలబడ్డాను. ఇద్దరికీ ఏడుపొచ్చింది. నీ మీద కోపంతో కట్టింది కాదు.

నిజానికి ఆ నీలం నాకు మొదటిరోజే నచ్చింది. చెబితే పట్టీలు ఆగిపోతాయని చెప్పలేదు. తప్పు నాదే. మీ ఆవిడ ఇష్టపడ్డ టైల్సే వేయించు. ఎండ కొడితే ఇక నేనే లేచి కర్టెన్ వేసుకుంటాను.

ఇట్లు,
ఎదురింటి పిన్ని

తా.క. మీ ప్రహరీ గోడకి ఇంకా రంగు వేయలేదు కదా. అది కనబడాలంటే నేను వీధి గుమ్మం దాకా నడవాలి. దాని మీద రెండు పట్టీలు గీయించి ఆయనకో ఉత్తరం రాయి. కాస్త కోపంగా రాయి.