కాలవగట్టు చేలో ఏముంది

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. అత్తయ్యగారి ముందు ఫోన్లో అడగలేక కార్డు రాస్తున్నాను. మీ అల్లుడుగారి చదువు రెండు దేశాల్లో చెరో ఏడాది, పట్టా మాత్రం ఒకటే. ఉపగ్రహం తీసిన ఫోటోలు చూసి ఏ చేలో ఏముందో పోల్చాలట. మన మలికిపురం చేలే తీసుకున్నారు. కాలవగట్టు చేను వరి అని నేనే చెప్పేను, అలాగే రాసుకున్నారు.

నిన్న ఫోన్ చేసి, "నాట్ల నీళ్లయితే ఈపాటికి పచ్చబడాలి దివ్యా. నాలుగు నెలలుగా నీళ్లే కనబడుతున్నాయి. మామయ్యగారు రొయ్యల చెరువు తవ్వించేరా?" అన్నారు. "తెలీదండీ" అన్నాను. నిజమైతే ఆ ఉప్పుకి పక్కనున్న మామ్మ కొబ్బరిచెట్లు బతకవు.

మామ్మ మోకాలినొప్పి తగ్గిందా? నా కుట్టుమిషను తుడిచి ఉంచు. నాన్నగారికి నమస్కారాలు. మీ అల్లుడుగారు రిపోర్టు నెలాఖరుకి ఇచ్చేయాలి. చెరువైతే చెరువనే రాయి. ఆయనకి నేనే చెబుతాను.

నీ దివ్య, కొత్తపేట