దసరా రంగు, కదలని ఇంజను

అక్కకు, బావకు దండాలు. నేను బాగున్నాను, రంది పెట్టుకోకండి.

ఇంత సంగతి ఫోనులో చెప్పడం నాతో కాదని కార్డు రాస్తున్నాను. నిన్న ఫిల్మ్‌నగర్‌లో దసరా తర్వాత మొదటి షూటింగు. అందరూ కరెంటు కోసం చూస్తుంటే మా జనరేటర్ బండి ఇంజను అందుకోలేదు. డీజిలు వదిలే సోలినాయిడ్ వాల్వు తెరుచుకోవడం లేదు. "కాయిల్ కాలింది, కొత్తది తేవాలె" అన్నాడు పెద్ద మెకానిక్ జంగయ్యన్న. షూటింగు ఆగితే ఐటీఐ సర్టిఫికెట్ లేని హెల్పరును, నన్నే ముందు ఇంటికి పంపుతారని నేనే ఇంజను దగ్గర కూర్చున్నాను.

కాయిల్ నుంచి బ్యాటరీ మైనస్‌కు వేరే వైరు తగిలించి స్విచ్ వేశాను. వాల్వు టక్కున తెరుచుకుంది! కాయిల్ బాగుంది, కరెంటు తిరిగి పోయే ఎర్తే అందడం లేదు. ఆయుధపూజకు ఇంజనుకు రంగు వేసింది నేనే అక్కా. ఎర్తు వైరు విప్పి, మళ్లీ రంగు మీదే బిగించాను; ఆ రంగే కరెంటుకు అడ్డుపడింది. ఆ మాట ఒప్పుకుని, రంగు గీకి బిగిస్తే ఇంజను ఒక్క ఊపున లేచింది!

"బొట్టు పెట్టుమంటే పెండ్లిపిల్లను చేసినవ్ గదరా!" అని జంగయ్యన్న నా వీపు చరిచి, మేనేజరుతో "ఈ బండి ఇగ వీనికే ఇయ్యుండ్రి సార్" అన్నాడు. ఇచ్చారు!

అటక మీది, కరెంటు ఉందో లేదో చూసే నా టెస్టులైటు బస్సులో పంపు. బావ మోకాలు నొప్పి తగ్గిందా? మేనకోడలు మనోజకు నా దీవెనలు. మన ఊరి మిల్లులో నా పాత జాగా ఇంకా ఖాళీగా ఉంచితే, వేరేవాళ్లను పెట్టుకోమని షావుకారుకు చెప్పు.

నీ తమ్ముడు,
లింగస్వామి