గొడుగుల విభాగం మూతపడిన సంగతి

అమ్మకు నమస్కరించి రాస్తున్నాను.

ఇక్కడ మేం ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది. తగ్గింది కదా అని మందులు మానేయకు. నీ మనవరాలికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. నవ్వించబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

"నా చెల్లి ఉత్తరం రాయడం మానేసింది, మీ ఇద్దరికీ మాటా మాటా వచ్చిందా?" అని అడిగావు. అలాంటిదేమీ లేదు. మా ఫ్యాక్టరీలో గొడుగుల విభాగం మూసేశారు. పిన్ని పని పోయింది. నన్ను వెంటబెట్టుకెళ్ళి అక్కడ ఉద్యోగం ఇప్పించిన మనిషి, తన టిఫిన్ డబ్బా తీసుకుని నేను లెక్కలు రాసే గది ముందునుంచే వెళ్ళిపోయింది. నేను తల ఎత్తలేదు.

ఇంతవరకూ "మూసేశారు" అని రాశాను. మూయమన్నది నేనేనమ్మా.

అమ్మకాలు పడిపోతుంటే యజమాని నన్ను పిలిచి, "గొడుగులు, రెయిన్‌కోట్లు, సంచులు... వీటిలో మనల్ని ముంచుతున్నదేదో తేల్చమ్మా" అన్నారు. షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ల జీతాలు మూడింటికీ పంచాను. ఎక్కువ చోటు వాడుకునేదానికి ఎక్కువ వాటా వేశాను. గొడుగులను విప్పి చూడాలి కాబట్టి వాటికి చోటు ఎక్కువ కావాలి. అలా నష్టమంతా వాటి నెత్తిన పడింది. ఎత్తేస్తే గట్టెక్కుతామని చెప్పాను.

తీరా చూస్తే నష్టం ఇంకా పెరిగింది. గొడుగులు పోయినా అద్దె పోలేదు, జీతాలూ తగ్గలేదు. బట్ట, ఊచలు, కుట్టుకూలి పోగా ఒక్కో గొడుగు మీద మిగిలే కాస్త డబ్బే ఆ ఖర్చుల్లో కొంత మోసేది. ఇప్పుడు ఆ బరువు కూడా రెయిన్‌కోట్లు, సంచులే మోయాలి. లాభం మాట దేవుడెరుగు, నష్టం లేకుండా బయటపడాలన్నా అవి మునుపటికంటే చాలా ఎక్కువ అమ్ముడుపోవాలి.

నోరు మూసుకుంటే వానలు సరిగా లేవని అందరూ సరిపెట్టుకునేవారు. ఉండబట్టలేక యజమానితో చెప్పేశాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి ఖాళీ బల్లల వైపు చూశారు. "సోమవారం నుంచి మళ్ళీ తెరుద్దాం. పని పోయినవాళ్ళను మాత్రం నువ్వే వెళ్ళి పిలవాలి" అన్నారు.

ముందు పిన్ని దగ్గరికే వెళ్ళాను. ఇప్పుడు ఒక ఇస్త్రీ దుకాణంలో చేస్తోంది. అంతా చెప్పి ఏడ్చేశాను. పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"లెక్క తప్పిందనేనా ఏడుపు?"

"అవును పిన్నీ."

"సరిగ్గా వచ్చి ఉంటే ఏడ్చేదానివా?"

పిన్ని నా ముఖంలోకి చూసి, మరో చొక్కా బల్ల మీద పరిచింది.

పనిలోకి రమ్మని పిన్నికి నువ్వు నచ్చజెప్పకమ్మా. ఏం జవాబు చెప్పాలో తెలిశాక నేనే మళ్ళీ వెళ్తాను.

ఇట్లు,
నీ ముందుకు రావడానికి ముఖం చెల్లని
నీ పెద్దకూతురు