నీళ్లు పడిన బొగ్గు గొయ్యి

సౌభాగ్యవతి అయిన మా ఇంటి యజమానురాలికి నీ భర్త దీవించి రాయించేది. ఇక్కడ నేను కులాసా. నువ్వూ, పిల్లలిద్దరూ, నా మీద కోపంతో సహా మీ అమ్మగారూ కులాసా అని తలుస్తాను.

దగ్గు తగ్గింది. తిండి తింటున్నాను, వండేది నేనే కాబట్టి మెచ్చుకునేదీ నేనే. బొగ్గు కోసం భూమి తవ్వేవాళ్లుంటారా అని మీ అమ్మ నవ్విందట. ఇక్కడివాళ్లూ మొదట అలాగే నవ్వారట. ఎవరో మేకల కాపరి మూడు నల్లరాళ్లు పేర్చి పొయ్యి పెడితే, గంజి కాగేలోపు పొయ్యే కాలిపోయిందట. అప్పుడు మానారు నవ్వడం. ఆ తర్వాతే కంపెనీ వచ్చి, గొయ్యి తవ్వేవాళ్లు కావాలని నన్ను పిలిపించింది.

గొయ్యి పూర్తయిందా అని అడిగావు. దానికి జవాబు చెప్పకుండా మూడు ఉత్తరాలు నెట్టుకొచ్చాను. ఇక దాచలేను.

పన్నెండు నిలువుల లోతున బొగ్గు కనబడింది. ఇంజనీరుగారు టోపీ ఎగరేశారు. మర్నాడు నా గునపం కింద నీళ్లు చిమ్మాయి. పాతికేళ్లు బావులు తవ్విన చెయ్యి కదా, ఒళ్లు మరిచి "పడ్డాయి! నీళ్లు పడ్డాయి!" అని అరిచాను. మన ఆనవాయితీ తెలుసుగా, మొదటి ముంత యజమానికి. తొట్టిలో పైకి లాగించుకుని, ఇంజనీరుగారి చేతిలో ముంత పెట్టి, "తియ్యటి నీళ్లండీ, బహుమానం ఇప్పించండి" అన్నాను.

"ఓరి నీ దుంప తెగ! మునిగింది నా గనిరా!" అన్నారు.

ఎంత తోడినా నీళ్లు తరగలేదు. నన్ను పొమ్మన్నారు. మూట కట్టుకుంటుంటే ఇంజనీరుగారి వంటావిడ బిందెతో వచ్చింది. "ఇన్నాళ్లూ నీళ్లు మూడు మైళ్లు మోశాను. అతన్ని పంపేస్తే నేనూ పోతా. నీళ్లు మీరే తెచ్చుకోండి" అంది ఆయనతో. ఆయన గనిని వేరేచోట మొదలుపెట్టి, ఈ గొయ్యికి రాతికట్టు కట్టి చూసుకోమని నన్ను ఉంచేశారు.

బావుల పని మాని ఒకచోట కుదురుకుంటేనే కాపురానికి వస్తానన్నావు. మళ్లీ బావి తవ్వనని మాటిచ్చాను. నిజం చెబుతున్నాను, తప్పాను. తిట్టాలంటే వచ్చి తిట్టు. ఉత్తరంలో తిడితే చదివిపెట్టేది ఈ గుమాస్తాయే, ఇప్పటికే పగలబడి నవ్వుతున్నాడు.

ఈ బావి పక్కనే గది ఇచ్చారు. నువ్వు లేక బావురుమంటోంది. నేను తవ్విన ఏ బావి నీళ్లూ రెండో వారం తాగి ఎరగను, అప్పటికి ఇంకో ఊళ్లో ఉండేవాణ్ణి. ఈ నీళ్లు నాలుగు నెలలుగా తాగుతున్నాను. నువ్వొచ్చి తోడుకోవడమే తరువాయి.

ఇట్లు,
మాట తప్పినా చోటు కదలని
నీ పిల్లల నాన్న